అదుపుకాని రక్తపోటు: తొలి పరీక్ష దీవుల్లోనే జరగాలి

అధిక రక్తపోటు ఉన్నవారిలో ఎక్కువమందికి దాని కారణం ఇదీ అని తేల్చి చెప్పడం సాధ్యం కాదు. కొందరిలో మాత్రం కారణం స్పష్టంగా దొరుకుతుంది. అటువంటి కారణాల్లో ముఖ్యమైనది, అడ్రినల్ గ్రంథుల నుంచి ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ అవసరానికి మించి వెలువడడం. రక్తపోటు ఉన్న వారందరికీ దీనికోసం ఒకసారి రక్తపరీక్ష చేయాలని అమెరికాకు చెందిన ఎండోక్రైన్ సొసైటీ 2025 మార్గదర్శకాలు సూచించాయి. ప్రధాన భూభాగానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న అండమాన్ నికోబార్ దీవులకు ఈ సూచన ప్రత్యేకంగా ఆలోచించదగినది.

మూత్రపిండాలపై ఒక్కొక్కటిగా ఉండే ఈ చిన్న గ్రంథులు విడుదల చేసే ఆల్డోస్టిరాన్, శరీరంలో ఉప్పును నిలిపి పొటాషియంను బయటికి పంపుతుంది. అది మితిమీరితే రక్తపోటు పెరగడమే కాక, గుండెకు, మెదడుకు, మూత్రపిండాలకు ముప్పు హెచ్చుతుంది. అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ 1955లో వర్ణించిన ఈ వ్యాధిని చాలాకాలం అరుదైనదిగా భావించారు. రక్తపోటు రోగుల్లో 5 నుంచి 10 శాతం మందిలో ఇది ఉండవచ్చునని నేటి అంచనా.

వ్యాధి ఉన్నట్లు తేలాక అసలు ప్రశ్న మొదలవుతుంది. లోపం ఒక గ్రంథిలో ఉందా, రెండింటిలోనా? ఒక్కదానిలోనే అయితే దానిని తొలగించి నయం చేసే అవకాశం ఉంది. రెండింటిలోనూ ఉంటే స్పైరనోలాక్టోన్ వంటి మందులే మార్గం. స్కాన్‌లో కనిపించే గడ్డ హార్మోన్‌ను తయారు చేయనిదే కావచ్చు. 2009లో ప్రచురితమైన ఒక సమీక్ష 950 మంది వివరాలను పరిశీలించగా, దాదాపు 38 శాతం మందిలో స్కాన్ ఫలితం సిరల రక్తపరీక్షతో సరిపోలలేదు.

ఆ సిరల పరీక్షలో తొడ దగ్గరి సిర గుండా సన్నని గొట్టాన్ని పంపి, రెండు అడ్రినల్ సిరల నుంచి వేర్వేరుగా రక్తం తీస్తారు. గొట్టం సరైన చోటికి చేరిందో లేదో కార్టిసాల్ హార్మోన్ మోతాదును బట్టి నిర్ధారిస్తారు. కుడివైపు సిర పొట్టిది, నేరుగా పెద్ద సిరలో కలుస్తుంది. అందువల్ల దానిని పట్టుకోవడానికి ఎంతో అనుభవం కావాలి. ఈ నైపుణ్యం మన దేశంలో కొద్ది పెద్ద ఆసుపత్రులకే పరిమితం.

ఈ పరీక్ష అందరికీ అవసరమా అన్న చర్చ కూడా ఉంది. స్కాన్ ఆధారంగా, సిరల పరీక్ష ఆధారంగా చికిత్స పొందిన వారిని పోల్చిన నెదర్లాండ్స్ పరిశోధకుల అధ్యయనం 2016లో వెలువడింది. ఏడాది తర్వాత రెండు వర్గాలకూ అవసరమైన మందుల మోతాదులో గణనీయమైన తేడా కనిపించలేదు. అయితే 2018లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలనలో, శస్త్రచికిత్స తర్వాత హార్మోన్ లోపం పూర్తిగా సరిదిద్దుకున్నవారు సిరల పరీక్ష వర్గంలోనే ఎక్కువ.

ఇక దీవుల సంగతి. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. కార్ నికోబార్‌లోని నికోబారీ తెగ పెద్దలలో దాదాపు సగం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. దీనికంతటికీ ఆల్డోస్టిరానే కారణమని అనలేం. కానీ వెతకవలసిన అవసరం ఎంతుందో ఆ సంఖ్య చెబుతోంది. కార్ నికోబార్ నుంచి శ్రీ విజయపురం చేరడానికే దాదాపు 270 కిలోమీటర్ల సముద్రం దాటాలి. అక్కడి నుంచి చెన్నైకో, విశాఖకో ఓడ ప్రయాణం రెండు మూడు రోజులు.

కనుక సిరల పరీక్షను ప్రతి దీవికీ తేవడం ఇప్పటి అవసరం కాదు. ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షలకు రోగి కదలనక్కరలేదు. స్థానికంగా రక్తం తీసి, శాస్త్రీయంగా భద్రపరచిన నమూనాను ప్రయోగశాలకు పంపితే చాలు. శస్త్రచికిత్స వద్దనుకునేవారికి, దానిని తట్టుకోలేనివారికి సిరల పరీక్షతో పనిలేదు. మందులతోనే వారికి మేలు చేయవచ్చు. మిగిలినవారికి పరీక్షకు ముందు మార్చవలసిన మందులను వైద్యులు ఇక్కడే వారాల ముందు మార్చి పంపితే, నగరంలో నిరీక్షణ తప్పుతుంది. ఇంత దూరం వెళ్లిన రోగి అసంపూర్ణ ఫలితంతో తిరిగి వస్తే ఆ కుటుంబం మళ్లీ బయలుదేరగలదని చెప్పలేం. ఎవరిని పంపాలో, ఎప్పుడు పంపాలో తేల్చే వ్యవస్థను దీవుల్లో నెలకొల్పడమే ముందు జరగవలసిన పని.