నోరులేని వాని కన్ను

మిరపకాయ కల్లముల మీద ఎండు దినములలో మార్టూరు చుట్టుపట్ల కండ్లు మండని వారెవ్వరును లేరు. మనము చెంబెడు నీళ్లతో ముఖము కడిగికొందుము. కల్లమునకు కాపున్న కుక్క యేమి చేయును? ముంగాలితో రుద్దుకొనును. గోరు తగిలి కంటి పైపొర గీరుకొనిపోవును. కొన్ని దినములు నీరు కారి, పుసి కట్టి, పిదప తెల్లని పువ్వు వేయును. గ్రుడ్డికుక్క యని పిల్లలు పేరు పెట్టుదురు. దాని వైద్యమంతటితో సమాప్తము.

ఇది వ్రాయుటకు మాకొక కారణము కలదు. మా బోర్డింగు పిల్లలు పెంచిన కుక్కకు కన్ను ఎఱ్ఱబాఱగా, ఎవరికో వాడగా మిగిలిన కంటిచుక్కల సీసాను వారు తెచ్చి చూపిరి. వేయుడని చెప్పినది మేమే. మొదటి దినమున ఎఱుపు తగ్గెను, సంతసించితిమి. వారము తిరుగకమున్నే ఆ కన్ను చితికిపోయెను. ఆ మందులో స్టెరాయిడు ఉన్నదని సీసామీది సన్నని అక్షరములను అటుపిమ్మట చదివితిమి. స్టెరాయిడు ఎఱుపును అణచును గాని, పుండుపడిన పొర మానకుండ అడ్డగించును. సూక్ష్మజీవులకు దారి యిచ్చును. పిల్లలను ప్రశ్నాపత్రము రెండుమారులు చదువుడని గద్దించు మేము, సీసాను ఒక్కమారైనను చదువలేదు.

పుండున్నదో లేదో తెలిసికొనుట దుర్లభమేమియు కాదు. ఫ్లోరెసీన్ అను రంగు పట్టించిన చిన్న కాగితపు పట్టీని తడిపి కంటికి తాకించి, నీలి వెలుగులో చూచినచో గీరుకొన్నచోటు పచ్చగా మెఱయును. మనుష్యుల నేత్రవైద్యులు నిత్యము చేయు పరీక్షయే యిది. ఇంతకంటె పెద్దపనులును పశువైద్యమున కలవు. మధుమేహము వచ్చిన కుక్కలకు తరచుగా శుక్లములు కమ్మును. వానిని శస్త్రచికిత్సచే తీసి కృత్రిమ కటకమును అమర్చగల నిపుణులున్నారు. గోమారుల వలన వచ్చు ఎర్లీకియా జ్వరమున కంటిలోపల వాపును రక్తస్రావమును కలుగవచ్చును. అట్టిచో చుక్కలు చాలవు, జ్వరమునకే మందీయవలయును. పిల్లిపిల్లల కండ్లు పుసితో అంటుకొనిపోవుటకు హెర్పిస్ జాతి వైరసు ఒక ముఖ్యకారణము. ఇన్నిటికిని ఒకటే సీసా యెట్లు పనిచేయును?

పశువుల సంగతియు నింతియే. ఒంగోలు గిత్త నడకలో వెంట్రుకవాసి భేదమును కనిపెట్టగల రైతు, దాని కంటికి పువ్వు వేసినప్పుడు పొగాకు రసము ఊసి ఊరకుండును. బిలాము గాడిద చూచిన దూతను ప్రవక్త చూడకపోయెను గదా!

మనుష్యులకే కంటియద్దములు చాలకుండగా కుక్కకు నేత్రవైద్యుడా యని కొందఱు పెద్దలు నవ్వుదురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ప్రతి కుక్కకును శుక్లముల శస్త్రచికిత్స చేయింపుడని మేము కోరుట లేదు. గన్నవరమున పశువైద్య కళాశాల యున్నది. 2022లో 1962 అను నెంబరుతో సంచార పశువైద్య రథములు బయలుదేఱినవి. అదే సంవత్సరమున మన మార్టూరు బాపట్ల జిల్లాలో చేరినది. రథమునకు కొన్ని కాగితపు పట్టీలును, జిల్లాకు నేత్రవైద్యమున ప్రత్యేకముగా తర్ఫీదైన పశువైద్యుడొకడును ఉండవలయునని మా అభిప్రాయము. అంతవఱకు తల్లిదండ్రులు మిగిలిన చుక్కలను పాఱవేయుదురు గాక. కాచి చల్లార్చిన నీటితో కన్ను కడిగి, గోకకుండ మెడకు అట్ట చుట్టి, ఆ దినముననే వైద్యునికి చూపవలయును.

మా కుక్క యిప్పుడును ద్వారముకడనే పండుకొనుచున్నది. గంట మ్రోగినపుడు తలను పూర్తిగా త్రిప్పి చూచును. దాని యెడమవైపుగా పోవలసినపుడు మేము ముందుగా పేరుపెట్టి పిలిచి పోవుచున్నాము.