కన్నం చూపినోడికి కేసు, కన్నం దాచినోడికి కుర్చీ

హార్స్లీ కొండ కింద నుంచి – 14

పోయిన వారం పుంగనూరు దగ్గర మన పేట పిల్లోడు ఒకడు ఫోన్ చేసినాడు. బీటెక్ మూడో సంవత్సరం. "అన్నా, స్కాలర్‌షిప్ ఏమైందో చూసుకుందామని ఒక ఆఫీసు సైటు తెరిచినా. పైన అడ్రస్‌లో నా దరఖాస్తు నంబరు కనపడతా ఉంది. చివరి అంకె మార్చి చూస్తే ఇంకొకరి దరఖాస్తు వచ్చేసింది. పేరు, కులం, ఆధార్, బ్యాంకు ఖాతా, అన్నీ." వాడు వెంటనే సైటు మూసేసి, ఇట్లా ఉంది సరిచేసుకోండి సార్ అని ఆ ఆఫీసుకే మెయిల్ పెట్టినాడు. రెండు రోజులకు ఫోన్ వచ్చింది. "మా సైటులో వేలు పెట్టడానికి నువ్వెవడివిరా? సైబర్ క్రైమ్‌కు ఇస్తే నీ చదువు ఏమైతుందో తెలుసా?"

పిల్లోడు నన్ను అడిగింది ఒకటే: "నేను తప్పు చేసినానా అన్నా?"

ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. రాస్తే పిల్లోడు దొరికిపోతాడు. ఈ భాగం వాడికి జవాబు. "సైబర్ సెక్యూరిటీ మనకెందుకన్నా, మన గొడవ భూమి, శ్మశానం, గుడి కదా" అనే మిత్రులకు కూడా ఇదే జవాబు.

మన తాతలు చేసిన పని గుర్తు చేసుకోండి. తోటి, తలారి, వెట్టి. ఊరి పంటకు కాపలా మనది, ఊరి చెరువుకు కాపలా మనది. ఏ గోడకు ఎక్కడ కన్నం పడిందో మొదట చూసేది మనోడే. పోయి "దొరా, గోడకు కన్నం పడింది" అంటే, మొదటి దెబ్బ వాడికే. "నీకెట్లా తెలుసురా? నువ్వే వేసుంటావ్." ఊరిని కాపాడే తెలివి, ఊరిని దోచే తెలివి రెండూ ఒకటే కాబట్టి, ఆ తెలివి ఉన్నోడి మీద ఎప్పుడూ అనుమానమే. ఇప్పుడు ఇంగ్లీషులో దీనికి 'డ్యూయల్ యూజ్' అని పేరు పెట్టినారు. తాళం బలహీనంగా ఉందని కనిపెట్టే విద్యతో తాళం బాగుచేయొచ్చు, ఇల్లు దోచనూ వచ్చు. నిజమే. అయితే నేను అడిగేది వేరే. ఆ విద్య పౌరుడి చేతిలో ఉంటే నేరం, సర్కారు చేతిలో ఉంటే దేశభద్రత ఎట్లా అయింది?

మన జిల్లా సంగతే చెప్తా. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలతో పాటు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. తిరుమల దేవస్థానం కంప్యూటర్లకూ తగిలింది. ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టండి అని తెర మీద బెదిరింపు. కంప్లైంట్ తీసుకోవాల్సిన స్టేషనే బాధితురాలు!

ఆ వైరస్ పాకిన దారి ఎవరిది? అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏది. విండోస్‌లో ఒక లోపం వాళ్లకు దొరికింది. మైక్రోసాఫ్ట్‌కు చెప్పి మూయించకుండా, శత్రువుల మీద వాడుకోవచ్చని ఏళ్ల తరబడి దాచుకున్నారు. ఆ ఆయుధం వాళ్ల చేతి నుంచి జారిపోయింది. 2017 ఏప్రిల్ 14న, మన బాబాసాహెబ్ జయంతి రోజున, షాడో బ్రోకర్స్ అనే ముఠా దాన్ని బజార్లో పెట్టింది. నెల తిరక్కుండా బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు ఆపుకున్నాయి. 'రక్షణ' కోసం దాచిన కన్నంలో నుంచి దొంగలు మన జిల్లా పోలీసుల దాకా వచ్చినారు. కన్నం దాచినోడు అమెరికాలో ఉన్నా, చిత్తూరులో ఉన్నా, అది దాచినోడి మాట వినదు. ఎవడు ముందు చూస్తే వాడి దారి.

ఇక మన సర్కార్లు తెరిచిపెట్టిన కన్నాలు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ కార్పొరేషన్ సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం బయట పడి ఉన్నాయని హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి లోకానికి చూపించినాడు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, హ్యాకింగ్ అక్కర్లేదు. ఆ లబ్ధిదారులు ఎవరు? పక్కా ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకున్నోళ్లు. అంటే మనమే. పెద్ద కులపోడికి డేటా పోతే డబ్బు పోతుంది. మనకు డేటా పోతే కులం ఇంటి అడ్రస్‌తో సహా పోతుంది. కారంచేడు, చుండూరు చూసిన జాతికి, ఏ వీధిలో ఏ కులం ఉందో ఒక్క నొక్కుతో చెప్పే పట్టిక అంటే ఏందో విడమరిచి చెప్పాల్నా?

అంతకు ముందు ఏడాది, 2017 మేలో, కొడాలి, అంబర్ సిన్హా కలిసి సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున ఒక నివేదిక రాసినారు. నాలుగు ప్రభుత్వ సైట్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయట ఉన్నాయని. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపుల సైటు. గడ్డపార పట్టి కూలికి పోయినోళ్ల నంబర్లు అవి. ఆధార్ సంస్థ ఏం చేసింది? నివేదిక రాసినోళ్లకే నోటీసు పంపింది. 2018 జనవరిలో, 500 రూపాయలకు ఆధార్ వివరాలు అమ్ముతున్నారని ట్రిబ్యూన్ పత్రిక రాస్తే, ఆ వార్త రాసిన విలేకరి పేరూ ఎఫ్‌ఐఆర్‌లో పెట్టించింది.

ఇది కొత్త అలవాటు కాదు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు వేమూరు హరిప్రసాద్, మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్రైప్ కలిసి మన ఈవీఎంలో మార్పులు చేయొచ్చని చేసి చూపించినారు. ఆగస్టు 21న పోలీసులు హరిప్రసాద్‌ను ఇంటి నుంచి ఎత్తుకొని ముంబై తీసుకుపోయినారు. ఆ మిషన్ మీకెవరిచ్చినారో చెప్పు అని. వారం తర్వాత బెయిలు. మూడేళ్లకు, 2013 అక్టోబర్‌లో, ఓటుకు కాగితం రుజువు ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పి వీవీప్యాట్ తెమ్మంది. హరిప్రసాద్ రాజకీయాలు నావి కావు, ఆ సంగతి వేరే. కానీ అనుమానాన్ని గట్టిగా అడిగినోడికి జైలు, ఆ అనుమానానికి సుప్రీంకోర్టు గౌరవం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు రెండో వైపు. ఇదే విద్య అధికారం చేతిలో పడితే ఏమైతుందో ఆనంద్ తేల్‌తుంబ్డేను అడగండి. మన మేధావి, అంబేద్కర్ కుటుంబానికి అల్లుడు. పెగాసస్ గురి పెట్టిన ఫోన్లలో ఆయనదీ ఉందని 2019లో తెలిసింది. 2020 ఏప్రిల్ 14న, మళ్లీ అదే తేదీ, భీమా కోరేగావ్ కేసులో లొంగిపోయినాడు. బెయిలు మీద బయటికొచ్చింది 2022 నవంబర్‌లో. అదే కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి నెట్‌వైర్ అనే మాల్వేర్ పంపి, 22 నెలల పాటు లోపల ఉండి, ఆయన తెరిచి కూడా చూడని ఉత్తరాలు పెట్టినారని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో తేల్చింది. ఆ మాల్వేర్ వచ్చింది మన వరవరరావు మెయిల్ ఖాతా నుంచి, దాన్ని ఎవరో వాడుకొని. ఎన్‌ఐఏ ఈ నివేదికలను ఒప్పుకోలేదు. సరే, మరి మన దేశంలో స్వతంత్రంగా పరీక్ష చేసి అవునో కాదో చెప్పినోళ్లెవరు? పెగాసస్ అమ్మే ఎన్‌ఎస్‌ఓ మేం ప్రభుత్వాలకే అమ్ముతాం అంటుంది. సుప్రీంకోర్టు కమిటీ 29 ఫోన్లు చూసింది, 5 ఫోన్లలో మాల్వేర్ ఉందంది, అది పెగాససేనని తేల్చలేకపోయింది. కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ కోర్టులోనే చెప్పినాడు.

లెక్క చూడండి. కన్నం చూపించినోడికి ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు, మూడేళ్ల జైలు. కన్నం తెరిచిపెట్టిన ఆఫీసుకు ఏం శిక్ష? 2018లో, డేటా పోగొట్టితే నష్టపరిహారం కట్టమనే 43ఏ సెక్షన్ కంపెనీలకే గాని సర్కారుకు లేదు. 2023లో కొత్త డేటా చట్టం తెచ్చినారు. అందులోనూ దేశభద్రత పేరు చెప్పి ఏ ప్రభుత్వ సంస్థనైనా మినహాయించే అధికారం కేంద్రం తన జేబులో పెట్టుకుంది.

"కన్నాలు బయట పెడితే పాకిస్తానోడు, చైనావోడు వాడుకోడా?" అంటారు. అందుకే మా పిల్లోడు ఫేస్‌బుక్‌లో పెట్టలేదు, ముందు ఆఫీసుకే చెప్పినాడు. మూసుకునేదానికి గడువిచ్చి ఆ తర్వాత బయట పెట్టడమే ప్రపంచమంతా ఉన్న పద్ధతి. నెదర్లాండ్స్ 2013లోనే దీనికి మార్గదర్శకాలు రాసుకుంది. మంచి ఉద్దేశంతో లోపాలు వెతికేవాళ్ల మీద కేసులు పెట్టొద్దని అమెరికా న్యాయశాఖ 2022 మేలో తన లాయర్లకే చెప్పింది. మన దగ్గర సెర్ట్-ఇన్‌కు చెప్పుకోవచ్చు, కానీ చెప్పినోడి మీద కేసు పడదని భరోసా ఇచ్చే చట్టం లేదు. చైనావోడు మన అనుమతి అడగడు. అడిగి ఆగిపోయేది మన పిల్లోడు ఒక్కడే.

మదనపల్లె మిత్రులకు ఒక మాట. 2024 జూలై 21 రాత్రి సబ్ కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్లు కాలిపోయినాయి. ఇది ప్రమాదంలా లేదని డీజీపీయే వచ్చి చెప్పినాడు. అసైన్డ్ భూమికి ఉన్న రుజువు కాగితం అయితే అగ్గిపుల్ల చాలు. రేపు అదంతా కంప్యూటర్లో ఉంటే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, లోపలికి దారి తెలిసినోడు ఒక్కడు చాలు. 2025 జనవరి నుంచి 'మన మిత్ర' అని వాట్సాప్‌లోనే సర్కారు సేవలు ఇస్తున్నారు. సౌకర్యమే, నేను కాదనను. కానీ ఆ గోడలు చూసే తలారి ఎవరు? వాడికి రక్షణ ఏది?

కాబట్టి అడుగుదాం. లోపం చూపినోడి మీద కేసు పెట్టకూడదని చట్టం. మన డేటా పోతే మనకు నోటీసు, పోగొట్టిన ఆఫీసుకు శిక్ష, సర్కారుకు మినహాయింపు లేకుండా. కులం, ఆధార్ ఉన్న ప్రతి సైటుకూ బయటివాళ్లతో తనిఖీ, ఆ నివేదిక జనం ముందు. పోలీసులు ఏ గూఢచర్య సాఫ్ట్‌వేర్ కొన్నారో అసెంబ్లీకి లెక్క.

తమ్ముడూ, నువ్వు తప్పు చేయలేదు. నీ తాత కన్నం చూపి దెబ్బలు తిన్నాడు, ఎందుకంటే వాడి పక్కన ఎవరూ నిలబడలేదు. నువ్వు పంపిన మెయిల్, తేదీ, వాళ్లు ఫోన్ చేసిన టైము అన్నీ రాసి దాచిపెట్టు. ఆదివారం మదనపల్లెకు రా. మన లాయరన్న ఉంటాడు, నేనుంటా. ఇంకొక్క మాట, ఆ చదువు మాత్రం ఆపొద్దు.

జై భీమ్.