రెండుసార్లూ కుడే

"ఫోన్‌లో దిక్సూచి ఉంది. దెబ్బ తగిలితే 108 వస్తుంది. ఇంకా తాళ్లకి ముడులెయ్యడం, మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండడం పిల్లలకెందుకండీ?" మొన్న మావాడి బడిలో తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన అడిగితే చుట్టూ ఉన్నవాళ్లంతా తలూపారు. స్కౌట్ క్యాంపుకి నాలుగు రోజులు పోతే ఐఐటీ ఫౌండేషన్‌లో రెండు చాప్టర్లు పోతాయని లెక్క.

క్యాంపంటే అడవిలో బతకడానికి శిక్షణ అనుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది. 1907 ఆగస్టులో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి క్యాంపుకి వచ్చిన ఇరవై మంది దాకా పిల్లల్లో సగం మంది సంపన్నుల బడులవాళ్లు, మిగతావాళ్లు పక్క ఊళ్ల పనివాళ్ల ఇళ్లవాళ్లు. ఒక్కడికీ అడవిలో కాపురం పెట్టే ఉద్దేశం లేదు.

నా సంగతి చెబుతాను. స్కౌట్ల ప్రథమ సోపాన్ పరీక్షలో రీఫ్ నాట్ అనే ముడి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఎనిమిదిలో మామిడితోటలో క్యాంపు. గుడారం తాడు చాలక ఇంకో ముక్క కలిపి ముడేశాను. మాస్టారు చూశారు, ఏమీ అనలేదు. అర్ధరాత్రి వానకి ముడి జారి, తడిసిన గుడ్డ మొత్తం మా ఐదుగురి మొహాల మీద పడింది. పొద్దున ఆయన తాడు కొసలు రెండూ నా చేతికిచ్చి, "ముందు కుడిది ఎడమ మీదుగా, తర్వాత ఎడమది కుడి మీదుగా. నువ్వు రెండుసార్లూ కుడే వేశావురా" అన్నారు. పేపరు దిద్దేటప్పుడు ఆయన అర మార్కు కలిపేవారు. వాన కలపలేదు. బడిలో మిగతా చదువులో తప్పు చేస్తే ఎవరో ఎర్ర సిరాతో చెప్పాలి. అక్కడ తాడే చెప్పింది.

పుస్తకం తప్పినా అక్కడే తెలిసింది. చేతి గడియారంలో గంటల ముల్లుని సూర్యుడి వైపు తిప్పి దిక్కు కనుక్కునే చిట్కా ఇంగ్లండులో పనికొస్తుంది. మన దగ్గర మే నెల మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఉన్న సూర్యుడి వైపు ముల్లు ఎటు తిప్పాలి? ధ్రువ నక్షత్రం కోసమూ నెత్తి మీదే వెతికాం. బెజవాడ ప్రాంతంలో అది దిగంతం నుంచి చెయ్యి చాచి పెట్టిన రెండు పిడికిళ్ల ఎత్తు కూడా ఉండదు. (పట్టపగలు పెళ్లిలో అరుంధతి కనిపించిందని తలూపిన జాతి మనది.)

పల్లె పిల్లలకి ఇవన్నీ పుట్టుకతోనే వస్తాయనేవాళ్లూ ఉన్నారు. క్లోవ్ హిచ్ అని నేను బడిలో నేర్చుకున్నది మా తాత గుంజకి పలుపు కట్టే ముడే. ఆయనకీ ఎవరో చెయ్యి పట్టుకుని నేర్పి ఉంటారు. ఇప్పుడా గుంజా లేదు, గేదే లేదు.

సర్టిఫికెట్ కోసం వచ్చి, ఫొటోకి నిలబడి పోయేవాళ్లు మా కాలంలోనూ ఉండేవాళ్లు, ఒప్పుకుంటాను. రిసార్టులో టికెట్టు కొని తాడుకి వేలాడి రావడం సంగతి వేరు. ఆ ముడి వేసేది పిల్లాడు కాదు.

సమావేశం అయ్యాక, ఆ ప్రశ్న అడిగినాయన కొడుకు పరిగెత్తుకొచ్చాడు. ఒక బూటు లేసు ఊడి నేల మీద ఈడుస్తోంది. రెండో బూటు మీది పువ్వు ముడి అడ్డంగా ఉండాల్సింది, నిలువుగా తిరిగి ఉంది. రెండుసార్లూ కుడే వేశాడు.