తార ముఖానికి తారు

'శృంగార తార' అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తార అంటే తన పేరు చెప్పి రేటు అడగగలిగిన మనిషి అని కదా సినిమా వాళ్ళ లెక్క. ఆ లెక్కన మన బూతు సినిమా బజారులో ఎంతమంది తారలున్నారు? పోస్టర్లున్నాయి, అంతే.

గన్‌ఫౌండ్రీలో ఆ పోస్టర్ల పక్కనుంచే నడిచాం. 1907లో మొదలైన మహబూబియా ఆడపిల్లల బడి ఉన్నదీ అక్కడే. 1982 ఆసియా క్రీడలతో కలర్ టీవీ, దాని వెనకే వి.సి.ఆర్. వచ్చాక ఆబిడ్స్, నాంపల్లి సందుల్లో వీడియో లైబ్రరీలు వెలిశాయి. అద్దాల అరల్లో భక్తి సినిమాలు, కౌంటరు కింద 'ఆ' క్యాసెట్లు. మేం లోపలికెళ్తే కౌంటరబ్బాయి ముసిముసిగా నవ్వేవాడు. మగవాళ్ళకు మాత్రం పాత పేపర్లో చుట్టి ఎంత మర్యాదగా ఇచ్చేవాడో! సినిమా పేరెవరూ అడగరు. 'సిల్కుది ఉందా?' అంతే.

సిల్క్ స్మిత నీలి చిత్రాల మనిషి కాదు. ఆమె చేసినవి సెన్సారు దాటిన సినిమాలు. ఏలూరు దగ్గర కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి నాలుగో తరగతితో బడి మానేసింది. చిన్నతనంలోనే పెళ్ళి. ఆ కాపురం వదిలించుకుని మద్రాసు చేరి, టచప్ పనితో మొదలుపెట్టింది. 'సిల్క్' అన్నది 1980 నాటి తమిళ సినిమా 'వండిచక్కరం'లో ఆమె పాత్ర పేరు. పాత్ర అయిపోయింది, పేరు మాత్రం ఒంటికి అతుక్కుపోయింది. 1981లో 'సీతాకోకచిలుక'లో శరత్‌బాబు భార్యగా, ఒళ్ళంతా చీరకప్పుకుని, ఎంత నిండుగా నటించింది! ఆ స్త్రీని మళ్ళీ మళ్ళీ తెర మీదికి పిలవాలని ఎంతమందికి తోచింది? మలయాళంలో 1989లో తీసిన 'లయనం' మాత్రం హిందీలో 'రేష్మా కీ జవానీ' అయి ఏళ్ళ తరబడి హాళ్ళు నింపింది.

తర్వాత షకీలా. 2000లో 'కిన్నార తుంబికళ్' ఆడాక, ఆమె పేరే ఒక సినిమా రకానికి పేరైపోయింది. కొన్ని దృశ్యాల్లో ఉన్నది తన శరీరం కాదనీ, డూప్‌లను పెట్టారనీ ఆమే చెప్పింది. అంటే తార అనేది ఒకరి ముఖం, ఇంకొకరి ఒళ్ళు, మూడోవాడి గల్లాపెట్టె! ఆ డూప్‌ల పేర్లు ఎవరికి కావాలి? 2002లో 'జయం' సినిమాలో షకీలాను టీచరమ్మను చేసి నవ్వించారు. కుటుంబ సమేతంగా వచ్చిన పెద్దమనుషులకు ఆమెను చూడగానే నవ్వెందుకొచ్చింది? ఆ పాత సినిమాలు తెలియకపోతే ఆ నవ్వు పుట్టదు కదా.

మన ఉద్యమం సంగతీ మాట్లాడుకోవాలి. 1974లో ఉస్మానియా అమ్మాయిలు పెట్టిన ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ విమెన్ కాలం నుంచీ అశ్లీల పోస్టర్ల మీద మనం పోరాడుతూనే ఉన్నాం. ఆ రోజుల్లో ఆడపిల్లలు రోడ్డెక్కడమే పెద్ద సాహసం, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. 1986లో స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం కూడా వచ్చింది. కానీ గోడమీద పోస్టరుకు తారు పూస్తే నల్లబడేది ఎవరి ముఖం? కింద చిన్న అక్షరాల్లో ఉన్న పంపిణీదారు పేరు చెక్కుచెదరదు. మార్నింగ్ షో మధ్యలో బిట్లు అతికించిన ఆపరేటరుకూ, అతికించమన్న హాలు యజమానికీ గోడమీద ముఖాలే లేవు. తల వంచుకుని లోపలికి దూరే ప్రేక్షకుడికి అసలే లేదు. అశ్లీలం అని మనం వేలు చూపించిన ప్రతిసారీ ఆ వేలు ఆమె దగ్గరే ఎందుకు ఆగాలి? ఆమె కూలి ఎంత, క్యాసెట్ అమ్మకాల్లో ఆమెకు వాటా ఉందా అని అడగడం కూడా స్త్రీవాదమే.

వాటా లేదు. 1994లో కాపీరైట్ చట్టంలోకి కళాకారుల హక్కులు వచ్చాయిగానీ, సినిమాలో నటించడానికి ఒప్పుకున్నాక ఆ హక్కు వర్తించదని అందులోనే రాశారు. హాల్లో ఆడినా, క్యాసెట్లయినా, అందులోంచి పాటలు కత్తిరించి అమ్మినా ఆమెకు రావలసిందేమీ లేదు. 1996 సెప్టెంబర్ 23న మద్రాసులో ఆమె చనిపోయింది. 2011లో ఆమె బతుకును తలపించే 'ది డర్టీ పిక్చర్' వచ్చి విద్యాబాలన్‌కు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు తెచ్చిపెట్టింది. నటనను వ్యాపారానికి వాడుకుంటే నటులకు రాయల్టీ ఇవ్వాలని చట్టం సవరించింది ఆ మరుసటి ఏడాది, 2012లో.