సీలు లేక మిల్లు ఆగితే నష్టం ఎవరికి?

ఆదోని: పత్తి సీజనులో జిన్నింగ్ మిల్లు ఆగితే అది యజమాని తంటా అని రైతులు అనుకోవడం పరిపాటి. అయితే మిల్లు ఆవరణ పత్తి గుట్టలతో నిండితే కొనుగోళ్లు మందగిస్తాయి. సీసీఐ కూడా మిల్లుల్లోనే పత్తి ఆడించుకోవాలి గనుక ఆ ఇబ్బంది దానికీ తప్పదు. తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత పడుతుంది, 12 దాటితే అసలు కొనరు. గేటు ముందు మంచులో తడిసే ట్రాక్టరు రైతుదే.

ఒక సీజనులో ఈ విలేకరి ఓ మిల్లుకు వెళ్లేసరికి బేళ్లు కట్టే ప్రెస్సు ఆగి ఉంది. నూనె కారకుండా వేసే చిన్న సీలు చిరిగింది. అదనపు సీలు లేదు. స్టోరు గదిలో మాత్రం ఏనాటివో రబ్బరు బెల్టులు బిరుసెక్కి వేలాడుతున్నాయి.

జిన్ యంత్రాలు చాలా ఉంటాయి, ఒకటి చెడినా మిగతావి నడుస్తాయి. ప్రెస్సు సాధారణంగా ఒక్కటే. అది ఆగితే దూది పేరుకుపోయి అన్నీ ఆపాల్సిందే. అందుకే విడిభాగం ఖరీదు కాదు, అది లేకపోతే ఏమేమి ఆగుతుందో ముందు చూడాలి.

తోలు రోలర్ల సంగతి వేరు. కత్తికి రాసుకుని అవి రోజూ అరుగుతాయి, ఎప్పుడు మార్చాలో ఫిట్టరుకు నోటిలెక్క. వారానికి 4 అరుగుతాయనీ, నాగపూర్ నుంచి రావడానికి రెండు వారాలు పడుతుందనీ అనుకుందాం. 8 మిగిలినప్పుడే ఆర్డరు పంపాలి. లారీ ఆలస్యమవుతుందనుకుంటే 12 ఉండగానే పంపడం మేలు. దీనికి కంప్యూటరు అక్కరలేదు, నోటుపుస్తకం చాలు. కాని రాత్రి షిఫ్టులో తీసుకున్నది రాయరు. పుస్తకంలో 12, అరలో 5!

బేరింగుల విషయంలో అశ్రద్ధ మరీ ప్రమాదం. అరిగిన బేరింగు వేడెక్కితే పక్కనున్న దూది అంటుకుంటుంది.

చిన్న మిల్లులు ఖరీదైన మోటారు, పంపు అదనంగా కొని పెట్టుకోలేవు. నాలుగైదు మిల్లులు కలిసి ఒకటి ఉంచుకోవచ్చు. ఎమ్మిగనూరులో 1938లోనే మాచాని సోమప్ప చేనేత కార్మికులను సహకార సంఘంగా కూడగట్టారు, కలిసి నడవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. చిక్కల్లా యంత్రాలు ఒకే రకంవి కాకపోవడం, ఒకేసారి రెండు మిల్లులు ఆగితే ఎవరికి ముందనే తగాదా. ఆ నిబంధన ముందే కాగితం మీద రాసుకోవాలి. సీజను అక్టోబరులో మొదలవుతుంది గనుక ఈ మాటలు ఆగస్టులోనే జరగాలి.