చేలోకొచ్చిన మిషను మ్యాన్‌హోల్లోకి ఎందుకు దిగలేదు?

రోజులు మారాయంటున్నారు. పొలం మీద డ్రోను తిరుగుతోంది, కూలోడి జేబులో కూడా సెల్లు మోగుతోంది, ఇంకా కులం కులం అంటారేంటని మనల్నే అడుగుతున్నారు. మిషనుకు కులం తెలియదట. ట్రాక్టరుకు మాల చేనూ రెడ్డి చేనూ ఒకటేనట.

ఇనుముకు కులం లేదు, ఒప్పుకుంటాం. ఇనుమును కొన్నవాడికి కులం ఉంది. ఏ పనికి ముందు మిషను తేవాలో, ఏ పనికి అసలే తేనక్కర్లేదో తేల్చేవాడికి కులం ఉంది. అందుకే మేము అడుగుతున్నాం: మనకు నాలుగు గింజలు దొరికే చేలోకి మిషను అంత తొందరగా ఎట్లా వచ్చింది? మన పిల్లలు ఊపిరాడక చచ్చే మురుగు గుంటలోకి ఇన్నేళ్ళయినా ఎందుకు దిగలేదు?

ముందు పాత లెక్క చూద్దాం. బావుల మీద మోట తోలిన రోజుల్లో ఆ మోటకు తోలు కుట్టింది మాదిగ. తంగేడు చెక్క వేసి, లందలో చేతులు నానబెట్టి, తోలును తోలుగా నిలిపే విద్య మాదిగది. చెర్నాకోల, చెప్పు, మోట తొండం అన్నీ ఆ చేతిలోంచి వచ్చినవే. ఊరికి ముతక బట్ట నేసి ఇచ్చిన మాల నేతగాళ్ళున్నారు. వీళ్ళెవరికీ పనితనం కొదవ లేదు.

తర్వాత మిల్లు బట్ట వచ్చింది. కరెంటు మోటారు వచ్చింది. మోట పోయింది. నీళ్ళు తోడే గొడ్డు చాకిరీ తగ్గింది, మంచిదే. కానీ మోటారు ఎవరిదైంది? భూమి ఉన్నవాడిది. తోలు పని ఫ్యాక్టరీకి పోయింది. ఆ ఫ్యాక్టరీ ఎవరిదైంది? లంద కంపు మోసినవాడిది మాత్రం కాలేదు. పని చేజారింది, ఆ పని పేరు చెప్పి వేసిన అంటు మాత్రం మన మీదే మిగిలింది. చేతి విద్య పోయిన వాళ్ళందరం కూలికి పోయాం. ఇప్పుడా కూలి దగ్గరికే మిషను వచ్చి నిలబడింది.

వరికోత మిషను గంటా గంటన్నరలో ఎకరం కోసి, నూర్చి, గింజను ట్రక్కులో పోస్తుంది. ఇదే పని మనుషులు చేసినప్పుడు కోత, పనలు కట్టడం, కుప్ప వెయ్యడం, నూర్చడం, తూర్పారబట్టడం - ఇన్ని పనులుండేవి. ఆడామగా అందరికీ చేతినిండా పని. కూలి గింజల్లో వచ్చేది. ఆ గింజలు గాదెలో ఉంటే కొన్ని నెలలు షావుకారు గుమ్మం ఎక్కే పని ఉండేది కాదు. కోతకు వంగలేని ముసలమ్మ కూడా చేలో పరిగె ఏరుకుని తన తిండి తాను తెచ్చుకునేది. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది మన ఆడవాళ్ళు. మిషను మీద కూర్చున్నది మగవాడు. కొడవలి పట్టిన ఆడమనిషికి ఆ మిషను తోలడం నేర్పుతామని ఎవరూ పిలవలేదు. కలుపు తీత కూడా కలుపుమందుకు పోయింది.

గింజల కంటే పెద్దది ఇంకోటి పోయింది. కోతల అదునులో మన మాటకు బలం ఉండేది. పంట పండి, పైన మబ్బు పట్టిందంటే ఆసామి గూడేనికి రావాల్సిందే. ఎకరానికి ఇంత అని మనం బేరం చెప్పేవాళ్ళం. కూలి పెంచమని పని బందు పెట్టేది కూడా ఆ అదును చూసే. 1991లో చుండూరులో ఆగస్టు 6న మన వాళ్ళను నరికి చంపడానికి ముందు పెత్తందార్లు చేసిందేమిటి? మన వాళ్ళను పనుల్లోకి పిలవకుండా బహిష్కరించారు. ఊళ్ళల్లో బహిష్కరణ అనేది ఎప్పుడూ ఉన్న ఆయుధమే. కాకపోతే మన చేతులతోనే పంట ఇంటికి చేరే రోజుల్లో దాన్ని పట్టినవాడి చెయ్యి కూడా కొంత తెగేది. చేను ఆగేది, గింజ రాలేది. ఈ రోజు ఆ భయం లేదు. ఫోను కొడితే పక్క జిల్లా నుంచి మిషను దిగుతుంది. కూలి పెంచమంటే "మిషను పిలుస్తా" అనే ఒక్క మాట చాలు.

కూలోళ్ళు దొరకడం లేదు కాబట్టే మిషను అంటారు. కొంత నిజమే. ఊళ్ళో పని ఏడాది పొడుగునా లేకనే మనవాళ్ళు పట్నం పోయారు. మనలో ఎకరం, అరెకరం ఉన్నవాళ్ళు కూడా అదే మిషను పిలుస్తున్నారు, అది తప్పని మేమనడం లేదు. మేమనేది ఆ అద్దె డబ్బు ఎవరింటికి పోతోందో చూడమని. కేంద్రం 2014-15లో తెచ్చిన వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో ఎస్సీ, ఎస్టీలకు, చిన్న సన్నకారు రైతులకు, మహిళలకు 50 శాతం దాకా, మిగతావాళ్ళకు 40 శాతం దాకా రాయితీ అని రాశారు. కాగితం మీద బాగానే ఉంది. లక్షల మిషనుకు మిగతా సగం ఎవడిస్తాడు? సెంటు భూమి లేనివాణ్ణి రైతని ఎవడంటాడు?

డ్రోను సంగతీ అంతే. మందు ట్యాంకు వీపున మోసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని విషం పీల్చే పని డ్రోను చేస్తే మనకు సంతోషమే. 2023 నవంబరులో కేంద్రం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లిస్తామంది. ఖర్చులో 80 శాతం, 8 లక్షలు మించకుండా, సర్కారే పెట్టుకుంటుందని చెప్పింది. అక్కలారా, మీ మండలంలో అది ఏ సంఘానికి వచ్చిందో అడిగారా? ఆ జాబితాలో మన వాడ సంఘం పేరుందా?

ఇక రెండో వైపు చూడండి. కోలారు బంగారు గనుల్లోకి 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తీగ లాగారు. భూమిలో మూడు కిలోమీటర్ల లోతు దాకా పోయి బంగారం తీసే యంత్రాలు తెచ్చారు. అదే ఊళ్ళో కార్మికుల మరుగుదొడ్లు మాత్రం మన చేతులతో ఎత్తించారు. బంగారానికి యంత్రం ఉంది, మలానికి మనిషి ఉన్నాడు. అక్కడ పాకీ పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ బుట్టల మీద తిరగబడితే గానీ ఈ సంగతి దేశానికి వినబడలేదు.

1993లో పాకీ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. రక్షణ లేకుండా మనిషిని మురుగు కాల్వలో, సెప్టిక్ ట్యాంకులో దించితే నేరమంది. 2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగులో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకు 10 లక్షల చొప్పున ఇమ్మంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. చావు రేటు పెరిగింది, చావు ఆగలేదు. 2024లో బయటికొచ్చిన కేంద్రం లెక్కల్లోనే, వివరాలు రాసుకున్న 38,000 మంది మురుగు కార్మికుల్లో దాదాపు 69 శాతం ఎస్సీలు. చంద్రుడి మీద యంత్రాన్ని దింపిన దేశం ఇది. ఇరవై అడుగుల గుంటలోకి దింపడం చేతగాదా?

చేతనవుతుంది. 2017లో హైదరాబాదు జలమండలి 70 చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది. ఇరుకు సందుల్లోకి కూడా పోయేవి. దళిత పారిశ్రామికుల సంఘంతో కలిసి ఆ మిషన్లకు మనవాళ్ళే ఓనర్లయ్యే ఏర్పాటు చేశారు. 2019లో ఢిల్లీ కూడా 200 మిషన్లతో అదే దారి పట్టింది. అంటే యంత్రమూ ఉంది, అప్పిచ్చే దారీ ఉంది. ప్రతి మునిసిపాలిటీలో, ప్రతి పెద్ద పంచాయతీలో ఎందుకు లేదంటే, అక్కడ ఇంకా మన ప్రాణం మిషను అద్దె కంటే చౌక కాబట్టి.

మూడోది మన జేబులోని సెల్లు. కరువు పనికి పోతే 2023 జనవరి 1 నుంచి అన్ని చోట్లా హాజరు సెల్లులోనే అన్నారు. పొద్దున ఒక ఫోటో, మధ్యాహ్నం ఒక ఫోటో. సిగ్నల్ లేకపోతే మస్టరు పడదు. పొద్దున్నే కొలత ప్రకారం మట్టి తవ్వి పోసినా రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి. 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బులు ఆధార్ లెక్కలోనే అన్నారు. పేరులో ఒక అక్షరం తేడా వస్తే వారాల కష్టం గాల్లో కలిసింది. ఇదంతా దొంగ మస్టర్లు ఆపడానికేనట. దొంగ మస్టర్లు రాసింది మనమా? రాసినవాడి తప్పుకు ఎండలో నిలబడింది ఎవరు?

రేషను షాపులోనూ అంతే. బండలు మోసి, నాట్లు వేసి, అంట్లు తోమి అరిగిన వేళ్ళను మిషను గుర్తుపట్టదు. మన తాతలు తెలియక వేలిముద్ర వేసినందుకు భూమి పోయింది. మనకిప్పుడు వేలిముద్ర పడనందుకు బియ్యం పోతోంది. అప్పుడు కరణాన్ని నిలదీసే దిక్కు లేదు, ఇప్పుడు మిషనును నిలదీసే దారి లేదు. "సర్వర్ డౌన్" అంటే ఏ సారుకు అర్జీ పెట్టాలి?

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో వేరే చట్టం ఆమోదించింది. 100 రోజులను 125 చేశామని చెప్పుకున్నారు. అందులోనే నాట్లు, కోతల కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపాలని రాశారు. రైతులకు కూలీలు దొరకాలి కాబట్టి అట. చేలో కోత మిషను కోస్తుంది, అదే కోతల్లో సర్కారు పని ఆగిపోతుంది. ఆ 60 రోజులు మన పొయ్యి మీదికి ఏం ఎక్కాలి?

ఇదంతా విని, అయితే యంత్రాలే వద్దందాం అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. మేము ఒప్పుకోం. గాంధీ గారు యంత్రాన్ని అనుమానించి గ్రామం గొప్పదన్నారు. కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్ళకు చేసిందేమిటో 1945లో పుస్తకం రాసిన బాబాసాహెబ్ అంబేద్కర్ ఆ వాదాన్ని అక్కడే తిప్పికొట్టారు. తప్పు యంత్రానిది కాదని, దాని ఫలం కొందరికే దక్కేట్టు చేసిన సమాజపు కట్టుబాటుదని చెప్పారు. మనిషికి తీరిక దొరికితేనే చదువూ ఆలోచనా వస్తాయని, ఆ తీరిక ఇవ్వగలిగేది యంత్రమేనని చెప్పారు. మనకు తెలిసిన సంగతే. మైకూ సెల్లూ వచ్చాక చాలా ఊళ్ళలో డప్పు కొట్టి చాటింపు వేసే వెట్టి పోయింది. దానికోసం మనలో ఎవరూ ఏడవలేదు. కొడవలి వంగుడు, మందు ట్యాంకు, మలం బుట్ట మన సంస్కృతి కావు. అవి పోవాలి. అవి పోయేటప్పుడు మన కూడు కూడా పట్టుకుపోకూడదు.

అందుకని ఊళ్ళల్లో సంఘాలు పెట్టుకుని ఇవి అడగాల. ఒకటి, మండలానికొక కోత మిషను, డ్రోను, వాటి అద్దె కేంద్రం భూమిలేని దళిత కూలీల సంఘానికి ఇవ్వాలి. తోలడం, బాగుచెయ్యడం మన ఆడపిల్లలకు కూడా నేర్పాలి. రెండు, మురుగు మిషను లేని మునిసిపాలిటీలో మనిషి దిగడానికి వీల్లేదు. దింపినవాడి మీద 2013 చట్టం కింద కేసు పడాలి, ఆ మిషన్ల ఓనర్లు మన కార్మికులే కావాలి. మూడు, సెల్లు పనిచెయ్యని రోజు కాగితం మస్టరు, వేలు పడని రోజు సంతకంతో బియ్యం ఇవ్వాలి. నాలుగు, కోతల్లో పని ఆపితే ఆ రోజులకు కూలి కట్టి ఇవ్వాలి.

వచ్చే గ్రామసభలో మొదటి ప్రశ్న ఇదే వెయ్యండి: మన మండలానికి రాయితీ మీద వచ్చిన మిషన్లెన్ని, అవి ఎవరి ఇళ్ళ ముందు నిలబడి ఉన్నాయి? పేర్లు చదవమనండి. పేర్లు చదివితే కులం దానంతటదే బయటపడుతుంది.

జై భీమ్!