ఇంగ్లిష్ టీచరు ఏ దేశం వెళ్లాలి?

2023 జనవరిలో ఢిల్లీ ప్రభుత్వం తన టీచర్లను శిక్షణ కోసం ఫిన్లాండ్ పంపాలనుకున్నప్పుడు, పెట్టే ఖర్చుకు ఏం ఒరుగుతుందో లెక్క చెప్పమని లెఫ్టినెంట్ గవర్నర్ అడిగారు. అది వెంటనే రాజకీయ రగడగా మారింది. పంపాలా వద్దా అన్నచోటే చర్చ ఆగిపోయింది. వెళ్లినవారు అక్కడ ఏం చూడాలి, తిరిగొచ్చి ఏం చెయ్యాలి అన్నది ఎవరికీ పట్టలేదు. ఇంగ్లిష్ చెప్పేవారి విషయంలో మనకు ఆ ప్రశ్నే ముఖ్యం. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన అదే ప్రయత్నం కోర్టుల దాకా వెళ్లింది. ఇంట్లో తెలుగో, లంబాడీయో, గోండీయో మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్ వస్తుందా రాదా అన్నది చివరికి వాళ్ల టీచరు మీదే ఆధారపడుతుంది. ఆ టీచరు విదేశం వెళ్లి చదువుకుని రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. కానీ ఎవరిని కదిలించినా మొదట నోటికొచ్చే లండన్, అమెరికా పేర్ల దగ్గరే నాకు అభ్యంతరం ఉంది.

ఇంగ్లిష్ రావడం వేరు, ఇంగ్లిష్ నేర్పడం వేరు. మొదటిదానికి ఇంగ్లండ్‌లో ఏడాది ఉండటం నిజంగా పనికొస్తుంది. మన టీచర్లలో ఎక్కువమంది ఈ భాషను పుస్తకంలో చూసి నేర్చుకున్నవారు. బస్సులో, అంగట్లో, హాస్టల్ వంటగదిలో రోజూ మాట్లాడక తప్పనప్పుడు నోరు తిరుగుతుంది, జంకు పోతుంది. ఇది తక్కువ లాభమేమీ కాదు. రెండోదాని సంగతి వేరు. బ్రిటన్‌లో ఇంగ్లిష్ బోధనపై ఏడాది ఎంఏ కోర్సులు చాలానే ఉన్నాయి. వాటిలో అనేకం, ఒక్కసారి కూడా క్లాసులో నిలబడి పాఠం చెప్పకుండానే పూర్తిచేయగలిగినవి. నాలుగు వారాల్లో ముగించగల సెల్టా కోర్సు దీనికంటే నయం. అందులో దాదాపు 120 గంటల శిక్షణ ఉంటుంది. అభ్యర్థి కనీసం ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. శిక్షకులు, తోటివారు వెనక కూర్చుని చూస్తారు. తర్వాత ఎక్కడ తడబడ్డారో, ఎందుకో దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. డీఎస్సీలో ఎంపికై ఇరవై ఏళ్లు పనిచేసినా మనవాళ్లలో చాలామందికి దక్కనిది ఇదే. మన దగ్గర అధికారి క్లాసుకు వచ్చేది తనిఖీకి, రిజిస్టరు చూడటానికి. పాఠం గురించి మాట్లాడటానికి వచ్చేవారు అరుదు.

అయితే ఆ సాధన పాఠాల్లో ఎదురుగా ఉండేది పది పదిహేను మంది పెద్దవాళ్లు, తమ ఇష్టంతో వచ్చినవాళ్లు. చిన్న బృందాల కోసం పుట్టిన ఆ పద్ధతులను ఇతర దేశాల ప్రభుత్వ బడులకు, కాలేజీలకు యథాతథంగా ఎత్తుకుపోతే నిలవవని ఏడ్రియన్ హాలిడే అనే బ్రిటిష్ పండితుడు 1994లోనే ఒక పుస్తకం రాశారు. ఈజిప్టు విశ్వవిద్యాలయ తరగతుల్లో పనిచేసిన అనుభవం ఆయనది.

పైగా, ఇంగ్లిష్ బోధన గురించి ఇవాళ ఫీజు కట్టి మనం నేర్చుకునే జ్ఞానంలో ముఖ్యమైన భాగం ఇంగ్లండ్‌లో పుట్టలేదు. మైకేల్ వెస్ట్ ఢాకాలో బెంగాలీ పిల్లల అవసరాలు చూసి, వాళ్లకు ముందు కావలసింది చదవడమని గ్రహించి, పరిమిత పదాలతో వాచకాలు తయారుచేశారు. ఎ.ఎస్. హార్న్‌బీ 1924లో జపాన్ వెళ్లారు. అక్కడి విద్యార్థుల ఇబ్బందుల నుంచి పుట్టిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ పేరుతో ప్రపంచమంతా వాడింది దాన్నే. 1979 నుంచి ఐదేళ్లు ఎన్.ఎస్. ప్రభు బృందం దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో, బెంగళూరు ప్రాజెక్టుగా పేరుపడ్డ ఒక ప్రయోగం చేసింది. వ్యాకరణ సూత్రాలు పక్కనపెట్టి, పిల్లలకు రైల్వే టైంటేబుల్, పటం వంటివి ఇచ్చి సమస్యలు విప్పమంది. టాస్క్ ఆధారిత బోధన చరిత్రను బ్రిటన్‌లో చెప్పేటప్పుడు ఇవాళ ఆ బెంగళూరు ప్రాజెక్టును తలవక తప్పదు. తెలుగు టీచరు సముద్రం దాటివెళ్లి దాన్ని మొదటిసారి వినడం నన్ను బాధించే విషయం.

అందుకే, ఇంగ్లిష్ పరాయిభాషగా ఉన్న దేశాలకే మనవాళ్లు ముందు వెళ్లాలంటాను. మలేషియానే చూడండి. 2003లో లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టింది. పల్లెటూరి పిల్లలు వెనకబడుతున్నారన్న ఆందోళన పెరిగి, 2009లో వెనక్కి తగ్గాలని నిర్ణయించింది. ఆ మార్పును క్లాసులో అనుభవించిన టీచర్లు అక్కడ ఇంకా ఉన్నారు. వాళ్లతో గడిపే నెల రోజులు మన మీడియం చర్చకు ఎన్నో సెమినార్లకంటే ఎక్కువ ఇస్తాయి. ఫిన్లాండ్ పంపినా మంచిదే. ఫిన్నిష్‌కూ ఇంగ్లిష్‌కూ చుట్టరికం లేదు, అయినా పిల్లలకు ఇంగ్లిష్ చక్కగా వస్తుంది. విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉన్న బడుల్లో కాబోయే టీచర్లు అనుభవజ్ఞుల కళ్లముందు పాఠాలు చెబుతారు. అది చూసి రావాలి. కానీ అక్కడి టీవీలో విదేశీ కార్యక్రమాలు ఎక్కువగా డబ్బింగ్ లేకుండా సబ్‌టైటిళ్లతో వస్తాయి, పిల్లల చెవిన ఇంగ్లిష్ రోజూ పడుతుంది. ఉట్నూరు పిల్లలకు ఆ అవకాశం బడిలో టీచరు గొంతే. ఈ తేడా మరచిపోతే ప్రయాణం వృథా.

ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వినపడకూడదన్న నమ్మకం కూడా విదేశం నుంచి వచ్చిందే. ఆ వాదనను, ఇంగ్లిష్ మాతృభాషైనవారే ఉత్తమ టీచర్లన్న వాదనతో కలిపి, 1961లో ఉగాండాలోని మకెరెరేలో ఇంగ్లిష్ బోధనపై జరిగిన సదస్సు నాటి అపోహలుగా భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో ఎండగట్టారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ అచ్చువేసిన మన ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆ నమ్మకాన్ని వదిలించుకునే మంచి అవకాశం. ఆ రెండు పేజీల మధ్య పిల్లల్ని ఎలా నడిపించాలో చూపగలిగే టీచర్లే మనకు కావాలి.

తిరిగొచ్చినవారి సంగతి మరీ దయనీయం. స్టడీ లీవు, ఎన్‌ఓసీల కోసం తిరిగి తిరిగి వెళ్లినవారు వచ్చాక ఒక సన్మానం, ఒక ఫొటో, ఆ తర్వాత అదే టైంటేబుల్. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలను వారికి అప్పగించాలి. ప్రసంగం చేయించడానికి కాదు. తమ సొంత క్లాసులో పాఠం చెబుతుంటే మిగతావారు కూర్చుని చూడటానికి, చూసినదాని గురించి మాట్లాడుకోవడానికి. హైదరాబాద్‌లో 1958 నుంచి ఉన్న ఇంగ్లిష్ బోధన సంస్థ, ఇవాళ్టి ఇఫ్లూ, ఈ పనికి వెన్నుదన్ను కావాలి.

ఎంపిక పద్ధతీ మారాలి. ఐఈఎల్టీఎస్ స్కోరే గీటురాయైతే కాన్వెంట్ చదువు ఉన్నవారే ముందుంటారు. మారుమూల మండలంలో పదేళ్లుగా యాభై మంది పిల్లలతో నెగ్గుకొస్తున్న టీచరు దరఖాస్తే పెట్టరు. స్కోరుతో పాటు తమ బడిలో చెప్పిన ఒక పాఠం వీడియో అడగండి. దాన్ని చూసేవారిలో సగం మంది ప్రభుత్వ బడుల్లో పాఠాలు చెబుతున్నవారే ఉండాలి.